దారి పక్క ఫలకాలు, లౌడన్ కౌంటీ కథ

(వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పండుగ పూట కాకపోయినా, పాటల పోటీలు లేకపోయినా, చరిత్ర గురించి మాట్లాడుకుందామంటే ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు నిర్వాహకులకూ మీకూ కృతజ్ఞతలు. నాకు అప్పగించిన విషయం మన లౌడన్ కౌంటీ రోడ్ల పక్కన నిలబడి ఉన్న చారిత్రక ఫలకాలు. ఇక్కడివారు వాటిని మార్కర్లు అంటారు. నేను రెండు మాటలూ వాడతాను. రూట్ 7 మీద లీస్‌బర్గ్ వైపు, రూట్ 15 మీద పొటోమాక్ నది వైపు, రూట్ 50 మీద ఆల్డీ, మిడిల్‌బర్గ్ వైపు వెళ్లేవారందరి కళ్లకూ ఇవి తగిలే ఉంటాయి. వెండి రంగు పూసిన అల్యూమినియం పలక, దాని మీద ఉబ్బెత్తుగా పోతపోసిన నల్లటి అక్షరాలు, నెత్తిన వర్జీనియా రాష్ట్ర ముద్ర, కింద ఒక స్తంభం. కారు వేగంలో శీర్షిక మాత్రమే అందుతుంది. మిగతాది చదవాలంటే బండి పక్కకు తీయాలి, తీయడానికి చోటుండాలి, వెనక వచ్చేవాడు హారన్ మోగించకుండా ఓర్చుకోవాలి.

వీటిని ఎలా చదవాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్న సంగతి. అందరూ శీర్షికతో మొదలుపెట్టి కిందికి వస్తారు. నా సలహా అడుగు పంక్తితో మొదలుపెట్టమని. కథ ముగిశాక పలక అంచున చిన్న అక్షరాల్లో ఆ ఫలకాన్ని నిలిపిన సంస్థ పేరూ, చాలావాటి మీద నిలిపిన సంవత్సరమూ ఉంటాయి. పాతవాటి మీద కన్సర్వేషన్ అండ్ డెవలప్‌మెంట్ కమిషన్ అనీ, కొత్తవాటి మీద డిపార్ట్‌మెంట్ ఆఫ్ హిస్టారిక్ రిసోర్సెస్ అనీ కనిపిస్తుంది. 1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య మొదలైన అంతర్యుద్ధం గురించి 1920లలో రాసిన నాలుగు వాక్యాలూ, అదే యుద్ధం గురించి ఈ శతాబ్దంలో రాసిన నాలుగు వాక్యాలూ ఒక్కలా ఉండవు. యుద్ధం అదే. రాసినవాళ్లు వేరు, రాయించినవాళ్లు వేరు, ఆ దారిన పోయేవాళ్లలో ఎవరు చదువుతారని వాళ్లు అనుకున్నారో అదీ వేరు. కాబట్టి ఫలకం మీద ఉన్న కథకు ఎంత విలువ ఉందో, దాని కింద ఉన్న సంవత్సరానికీ అంత విలువ ఉంది.

ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో చూద్దాం. 1926లో హ్యారీ బర్డ్ వర్జీనియా గవర్నరయ్యాడు. ఆ ఏడాదే రాష్ట్ర వనరుల పరిరక్షణకూ అభివృద్ధికీ ఒక కమిషన్ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు విలియం కార్సన్. సున్నపు వ్యాపారి, రాజకీయాల్లో బర్డ్‌కు కుడిభుజం. షెనాండోవా జాతీయ ఉద్యానవనం కోసం కొండల్లో భూములు సేకరించి, అక్కడి కుటుంబాలను కదిలించినదీ ఈ కమిషనే. మోటారు కారు మధ్యతరగతి ఇంటికి చేరుతున్న రోజులవి. ఉత్తరాది నుంచి కార్లలో దిగివచ్చే పర్యాటకుణ్ణి రాష్ట్రంలో ఇంకొక్క పూట ఆపగలిగితే హోటలుకూ పెట్రోలు బంకుకూ లాభం. ఆపడానికి రాష్ట్రం దగ్గర చరిత్రను మించిన సరుకు లేదు. హామిల్టన్ ఎకెన్‌రోడ్ అనే చరిత్రకారుడిని ఆ పనికి పెట్టారు. 1927లో రూట్ 1 పక్కన తొలి ఫలకాలు నిలిచాయి. 1930ల మధ్యకే అవి వెయ్యి దాటాయి, ఈనాడు రాష్ట్రమంతటా రెండున్నర వేలకు పైనే ఉన్నాయి. ఒక రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఇటువంటి పథకాల్లో దేశంలోనే ఇది మిక్కిలి పాతవాటిలో ఒకటి. ప్రతి ఫలకానికీ ఒక అక్షరమూ ఒక అంకె ఉండడం మీరు చూసే ఉంటారు. ఆ అక్షరం మొదట్లో రోడ్డును బట్టి ఇచ్చినది. రూట్ 1కి ఇ అన్న అక్షరం, కౌంటీ సరిహద్దు ఫలకాలకు జెడ్. ప్రయాణికుడు చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని, అక్షరమూ అంకె చూసి, బండి ఆపకుండానే కథ చదువుకునే వీలు కల్పించాలన్నది అప్పటి యోచన.

ఒక సరుకును అమ్మడానికి పెట్టిన బోర్డు మీద సరుకులోని లోపం రాయరు. అందుకే తొలి తరం ఫలకాల్లో వలస పాలన నాటి పెద్దింటివారూ, స్వాతంత్ర్య సమరమూ, అంతర్యుద్ధంలో సేనానులు నది దాటిన రేవులూ నిండుగా కనిపిస్తాయి. బానిసలుగా ఆ పొలాలు దున్నినవారు కనిపించరు. ఫలకాల కమిషన్ పుట్టిన 1926లోనే, సభలూ వినోదాలూ జరిగే ఏ చోటనైనా తెల్లవారినీ నల్లవారినీ విడివిడిగా కూర్చోబెట్టి తీరాలని వర్జీనియా ఒక చట్టం చేసింది. దానికి రెండేళ్ల ముందు, 1924లో, తెల్లవారు ఇతరులను పెళ్లాడడాన్ని నిషేధిస్తూ జాతి శుద్ధి చట్టం తెచ్చింది. ఆ నిషేధం 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా నడిచింది. ఈ గదిలో మనం కూర్చున్న తీరు ఆ రోజుల్లో అధికారులను ఏ వరుసలో ఎవరిని ఉంచాలో తెలియని చిక్కులో పడేసి ఉండేది. ఇక బర్డ్ తరువాత సెనేటరై, 1954లో బడుల్లో జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, దాన్ని అడ్డుకునే ఉద్యమానికి నాయకుడయ్యాడు. మన రూట్ 7కు ఎన్నో ఏళ్లు ఆయన పేరే ఉండేది. ఈ మధ్యనే ఆ పేరు తీసి లీస్‌బర్గ్ పైక్ అన్నారు. రూట్ 50కి ఉన్న, అంతర్యుద్ధంలో దక్షిణాది గెరిల్లా నాయకుడైన జాన్ మోస్బీ పేరు తీసి లిటిల్ రివర్ టర్న్‌పైక్ అన్న పాత పేరును తిరిగి పెట్టారు. ఫలకాల పథకాన్ని మొదలుపెట్టిన ప్రభుత్వాధినేత పేరే రోడ్డు బోర్డు మీద నుంచి దిగిపోయింది. పథకం మాత్రం నడుస్తూనే ఉంది.

మన కౌంటీలోకి అడుగుపెట్టే దారుల్లో ఉండే సరిహద్దు ఫలకాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. రెండు ముఖాలుంటాయి, ఏ కౌంటీలోకి వెళుతుంటే ఆ కౌంటీ పేరు మనకు ఎదురవుతుంది. లౌడన్ వైపు ముఖం చెప్పేది ఇంతే: ఈ కౌంటీ వైశాల్యం 519 చదరపు మైళ్లు, 1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి విడదీసి ఏర్పరచారు, లార్డ్ లౌడన్ పేరు పెట్టారు, ఆయన 1756 నుంచి 1759 దాకా వర్జీనియాకు నామమాత్రపు గవర్నరు, ఫ్రెంచివారితోనూ వారి పక్షాన ఉన్న ఆదివాసులతోనూ జరిగిన యుద్ధంలో కొంతకాలం బ్రిటిష్ సేనాధిపతి. ‘నామమాత్రపు’ అన్న మాటను ఆ పలక మీద వేసినవాడు నిజాయితీపరుడని నాకు అనిపిస్తుంది. జాన్ కాంప్‌బెల్ అనే ఆ స్కాట్లండ్ ప్రభువు పేరుకు గవర్నరు. పాలన చేసినవారు మొదట డిన్‌విడీ, తరువాత ఫాకియర్ అనే లెఫ్టినెంట్ గవర్నర్లు. 1757లో లూయీబర్గ్ అనే ఫ్రెంచివారి కోట మీదికి బయలుదేరి, దాడి చేయకుండానే తిరిగివచ్చాడు, ఆ తరువాత ఆయనను వెనక్కి పిలిపించారు. ఇక్కడి మట్టికి ఆయన చేసినదేమీ లేకపోయినా మన ఇళ్ల పన్ను రసీదుల మీద ఆయన పేరే అచ్చవుతోంది.

ఇక్కడొక చిన్న పక్కదారి. మన దేశంలో పాత గుడి దగ్గర పురావస్తు శాఖ పెట్టే నీలం బోర్డు మీకు గుర్తుండే ఉంటుంది. 1958 నాటి చట్టం, పాడుచేస్తే జైలు, జరిమానా. చాలాచోట్ల ఆ గుడి కట్టించినవాడు ఎవరో తెలుసుకోవాలంటే లోపల మండప స్తంభం మీది శాసనాన్నే వెతుక్కోవాలి. బోర్డు బెదిరింపుతోనే సరిపెడుతుంది. ఆ లెక్కన ఇక్కడి ఫలకాలు మనతో మాట్లాడతాయి, సందేహం లేదు. అయితే మాట్లాడేవాడు ఏది చెప్పకుండా దాటేశాడో పట్టుకోవడం బెదిరించేవాడి విషయంలో కంటే కష్టం.

లౌడన్ ఫలకాల్లో పెద్ద వాటా అంతర్యుద్ధానిది, అందుకు కారణం భూగోళంలోనే ఉంది. పొటోమాక్ నదికి ఆవల మేరీలాండ్, ఈవల వర్జీనియా. 1861లో వర్జీనియా విడిపోయిన దక్షిణాది కూటమిలో, అంటే కాన్ఫెడరసీలో చేరింది; మేరీలాండ్ ఉత్తరాది పక్షమైన యూనియన్‌లో ఉండిపోయింది. అంటే 1861 తరువాత నదే సరిహద్దు. 1862 సెప్టెంబరులో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ సైన్యం మన కౌంటీలోని వైట్స్ ఫోర్డ్ రేవు దాటి ఉత్తరాదికి వెళ్లింది. 1863 జూన్ చివర్లో, గెటిస్‌బర్గ్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు, యూనియన్ సైన్యం ఎడ్వర్డ్స్ ఫెర్రీ దగ్గర పడవల వంతెనల మీదుగా దాటింది. అంతకు కొంచెం ముందే, జూన్ 17న, ఆల్డీలో గుర్రపు దళాలు కొట్టుకున్నాయి. 1864 జూలైలో వాషింగ్టన్ మీదికి పోయి వెనుదిరిగిన దక్షిణాది సేనాని జూబల్ ఎర్లీ మళ్లీ వైట్స్ ఫోర్డ్ మీదనే వచ్చాడు. ఎవరెటు వెళ్లినా లౌడన్ రైతు కంచె కర్రలే వంటచెరకు అయ్యాయి.

వీటన్నిటిలోకీ నేను మీ చేత తప్పక చూపించదలచినది బాల్స్ బ్లఫ్. లీస్‌బర్గ్ ఊరి అంచున ఇళ్ల మధ్య నుంచి ఒక చిన్న దారి అడవిలోకి పోతుంది. 1861 అక్టోబరు 21న యూనియన్ దళం నది దాటి, నిటారుగా ఉన్న గట్టు ఎక్కి, గట్టుకు వెన్ను ఆనించి పోరాడవలసి వచ్చింది. పడవలు తక్కువ. సాయంత్రానికి వెనక్కి తోసుకుంటూ గట్టు మీద నుంచి పడినవారు, నీటిలో మునిగినవారు ఎందరో. శవాలు నది వెంట కొట్టుకుపోయి వాషింగ్టన్ దగ్గర తేలాయి. ఒరెగాన్ సెనేటరూ, లింకన్‌కు ఆప్తమిత్రుడూ అయిన ఎడ్వర్డ్ బేకర్ అక్కడే చనిపోయాడు. అమెరికా చరిత్రలో యుద్ధభూమిలో చనిపోయిన పదవిలో ఉన్న సెనేటర్ ఆయన ఒక్కడే. తరువాత అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లిన ఆలివర్ వెండెల్ హోమ్స్ ఆ రోజు ఇరవై ఏళ్ల యువకుడిగా ఛాతీలో తుపాకి గుండుతో పడ్డాడు. ఆ ఓటమి మీద పుట్టిన ఆగ్రహంతోనే కాంగ్రెసు ఆ డిసెంబరులో యుద్ధ నిర్వహణపై విచారణ సంఘాన్ని వేసింది.

గట్టు మీద రాతి గోడ కట్టిన చిన్న శ్మశానం ఉంది. దేశంలోని జాతీయ సైనిక శ్మశానాల్లో చాలా చిన్నవాటిలో అది ఒకటి. 54 మంది యూనియన్ సైనికుల అవశేషాలు 25 సమాధుల్లో ఉన్నాయి. వారిలో ఒక్కడి పేరే తెలుసు: పదిహేనో మసాచుసెట్స్ దళానికి చెందిన జేమ్స్ ఆలెన్. తక్కిన రాళ్ల మీద పేరు లేదు. రోడ్డు మీది పాత తరహా ఫలకాలు ఏ దళం ఎటు నుంచి వచ్చిందో, ఏ దళం దాన్ని వెనక్కి తరిమిందో చెప్పి ఊరుకుంటాయి. పేరు లేని 24 సమాధుల దాకా తీసుకువెళ్లడం వాటి పని కాదు, మనమే నడవాలి. పిల్లల్ని తీసుకువెళ్లేవారు గట్టు అంచున మాత్రం చెయ్యి పట్టుకోండి, కింద నది నిజంగానే లోతుగా ఉంటుంది.

సైన్యాల రాకపోకలు చెప్పే పాఠంలో ఇమడని ఊరు వాటర్‌ఫర్డ్. ఏమోస్ జానీ వంటి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు పెన్సిల్వేనియా నుంచి 1730లలో వచ్చి నెలకొల్పిన మిల్లుల ఊరు అది. క్వేకర్లకు బానిసత్వమూ పాపమే, యుద్ధమూ పాపమే. 1861 మేలో వర్జీనియా యూనియన్ నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు కౌంటీ మొత్తం మీద విడిపోదామన్నవారే రెట్టింపుకు మించి గెలిచారు; వాటర్‌ఫర్డ్ మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాది శామ్యూల్ మీన్స్ అనే ఆ ఊరి మిల్లు యజమాని లౌడన్ రేంజర్లు అనే యూనియన్ దళాన్ని కట్టాడు. అటువైపు ఎలైజా వైట్ అనే ఈ కౌంటీ రైతే దక్షిణాది పక్షాన మరో దళం కట్టాడు. 1862 ఆగస్టులో వాటర్‌ఫర్డ్ బాప్టిస్టు చర్చి దగ్గర ఈ రెండు దళాలూ తలపడినప్పుడు ఒక ఇంటి అన్నదమ్ములే ఎదురెదురుగా నిలబడ్డారు. 1864లో అదే ఊళ్లో ముగ్గురు క్వేకర్ యువతులు, లైడా డటన్, లిజీ డటన్, సారా స్టీర్, యూనియన్‌ను సమర్థిస్తూ ఒక చిన్న పత్రిక నడిపారు. చుట్టూ శత్రు దళాలు తిరుగుతున్న ఊళ్లో పత్రిక! ఆ ఏడాది నవంబరు చివర్లో ఉత్తరాది సేనాని షెరిడన్ ఆజ్ఞతో యూనియన్ గుర్రపు దళాలే వచ్చి, మోస్బీ గెరిల్లాలకు తిండి దొరక్కుండా చేయాలని గాదెలు తగలబెట్టి, పశువులను తోలుకుపోయాయి. తమ పక్షాన నిలిచిన క్వేకర్ల గాదెలనూ వదలలేదు. వాటర్‌ఫర్డ్ 1970 నుంచి జాతీయ చారిత్రక స్థలం. అక్టోబరులో జరిగే చేతివృత్తుల సంతకు మీలో చాలామంది వెళ్లే ఉంటారు.

1860 జనాభా లెక్కల్లో లౌడన్‌లో 21,774 మంది ఉన్నారు. అందులో 5,501 మంది బానిసలు, 1,252 మంది స్వేచ్ఛ ఉన్న నల్లవారు. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురు నల్లవారు. ఈ కౌంటీ చరిత్ర అని ఫలకాలు చెప్పినదాంట్లో ఆ ముగ్గురి వాటా ఎంత అని అడిగితే, 1970ల దాకా జవాబు దాదాపు ఏమీ లేదనే. లీస్‌బర్గ్ కోర్టు ఆవరణ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 1908లో తుపాకి పట్టుకున్న కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం నిలిపారు. యుద్ధం ముగిసి నలభై మూడేళ్లు గడిచాక, నల్లవారి ఓటు హక్కును కొత్త రాజ్యాంగంతో వర్జీనియా ఊడలాగేసిన 1902 తరువాత, ఆ విగ్రహం వచ్చింది. ఆ కోర్టులోనే 1840లో లెనార్డ్ గ్రైమ్స్ అనే స్వేచ్ఛా నల్లజాతీయుణ్ణి విచారించారు. పాటీ అనే తల్లినీ ఆమె ఆరుగురు పిల్లలనూ బానిసత్వం నుంచి తప్పించాడన్నది నేరం. రెండేళ్లు రిచ్‌మండ్ జైల్లో ఉండి, తరువాత బోస్టన్ వెళ్లి ప్రసిద్ధ మతబోధకుడయ్యాడు. విగ్రహం నిలిచిన 112 ఏళ్లూ ఆ ఆవరణలో సైనికుడు ఎదురుగా కనిపించాడు, గ్రైమ్స్ వెతికితే గానీ దొరకలేదు. 2020 జూలైలో విగ్రహాన్ని దాని సొంతదారులైన మహిళా సంఘమే తీసుకుపోయింది. దాన్ని తీసేయడం చరిత్రను చెరిపేయడమని కొందరు బాధపడ్డారు. విగ్రహం 1861ని కాక 1908ని చెబుతోందని గుర్తిస్తే ఆ వాదనలో పస తగ్గుతుందని నా అభిప్రాయం.

1976లో ఒక మార్పు జరిగింది. ఫలకాలకు రాష్ట్రం డబ్బు ఇవ్వడం మానేసింది. అప్పటి నుంచి ఎవరికి ఫలకం కావాలో వారే ఖర్చు పెట్టుకోవాలి; పాఠం సరిచూసి ఆమోదించే అధికారం మాత్రం ప్రభుత్వానిది. పొదుపు కోసం చేసిన ఈ పని అనుకోకుండా తలుపు తెరిచింది. అంతదాకా ఏది చరిత్రో ప్రభుత్వ కార్యాలయంలో కొద్దిమంది నిర్ణయించేవారు. ఇప్పుడు చర్చి సంఘాలు, పూర్వ విద్యార్థులు, ఊరి గ్రంథాలయ మిత్రులు చందాలు వేసుకుని దరఖాస్తు పెట్టుకోగలిగారు. డబ్బున్నవాడి చరిత్రే బోర్డు ఎక్కుతుందన్న ప్రమాదం ఇందులో లేకపోలేదు. అయినా లౌడన్ వరకు చూస్తే లాభమే ఎక్కువ జరిగింది.

లీస్‌బర్గ్‌లోని డగ్లస్ స్కూలు కథ వినండి. 1930లలో ఈ కౌంటీ నల్ల పిల్లలకు సరైన హైస్కూలు లేదు. తల్లిదండ్రులు కౌంటీ అంతటా ఒక సంఘంగా ఏర్పడి, విందులు పెట్టి, చిల్లర పోగుచేసి, 4,000 డాలర్లకు ఎనిమిది ఎకరాలు కొన్నారు. కొన్న భూమిని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చారు. భూమి మేమే ఇస్తున్నాం, ఇక కట్టకపోవడానికి సాకేముందని అడగడం ఆ ఒక్క డాలరు ఉద్దేశం. వారి తరఫున వాదించినవారు చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్, హోవర్డ్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలను తీర్చిదిద్దినవారు, తరువాత సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్‌కు గురువు. ఆయనకు లీస్‌బర్గ్ కొత్త కాదు. 1933లో జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లజాతీయుడి మీద హత్య కేసు నడిచినప్పుడు, అందరూ నల్లజాతి న్యాయవాదులే ఉన్న బృందంతో ఇదే కోర్టులో నిలబడి, జ్యూరీలో ఒక్క నల్లవాణ్ణీ ఎందుకు చేర్చరని ప్రశ్నించారు. క్రాఫర్డ్‌కు మరణశిక్ష పడలేదు, యావజ్జీవం పడింది. ఆ కాలానికి అది గెలుపు కిందే లెక్క. డగ్లస్ స్కూలు 1941లో తెరిచారు. 1968లో కౌంటీ బడులన్నీ కలిపాక హైస్కూలుగా మూతపడింది. 1954 తీర్పు లౌడన్ బడిగేటు దాకా రావడానికి పద్నాలుగేళ్లు పట్టిందన్నమాట. మీ పిల్లలు చదివే బడుల చరిత్రలో ఇది నిన్నమొన్నటి సంగతి. డగ్లస్‌లో చదివినవారు ఇప్పటికీ ఈ ఊళ్లలో ఉన్నారు.

ఇంకొక ఫలకం గురించి చెప్పక తప్పదు, పిల్లలున్న సభలో చెప్పడం ఇబ్బందే అయినా. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ సైకిల్ దారి మీద మనలో చాలామంది ఆదివారం పూట నడుస్తాం. అది 1968లో మూతపడిన రైలు మార్గం. లీస్‌బర్గ్ దగ్గర ఆ దారి పక్కన 2019లో నిలిపిన ఫలకం వెండి రంగులో ఉండదు. ముదురు నీలం మీద బంగారు అక్షరాలు. 1889 నవంబరులో ఓరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి కుర్రవాణ్ణి, ఒక తెల్ల బాలికను భయపెట్టాడన్న ఆరోపణ మీద పట్టుకుంటే, విచారణ జరగకముందే ఒక గుంపు జైలులోంచి ఈడ్చుకొచ్చి రైలు సరుకుల డిపో దగ్గర ఉరితీసింది. 1880లో పేజ్ వాలెస్, 1902లో చార్ల్స్ క్రేవెన్ కూడా ఈ కౌంటీలో ఇలాగే చనిపోయారు. అలబామాలోని ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే న్యాయ సహాయ సంస్థ, నల్లజాతీయుల హక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖ కలిసి ఆ ఫలకాన్ని నిలిపాయి. రాష్ట్ర పథకం బయట, మరొకరు పెట్టిన బోర్డు ఇది. రంగు చూసి, అడుగున పేరు చూసి, ఎవరి గొంతో పోల్చుకోవడం అలవాటైతే ఒక్కో వీధిలో ఎన్ని గొంతులున్నాయో తెలుస్తుంది.

మనకు మరింత దగ్గరి చోటు డల్లెస్ విమానాశ్రయం. మనలో చాలామంది ఈ దేశంలో మొదట కాలుపెట్టిన నేల అది. అమ్మానాన్నలను సాగనంపి కళ్లు తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది అక్కడి నుంచే. 1958 దాకా ఆ నేలలో విల్లార్డ్ అనే పల్లె ఉండేది, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలది. కొందరు బానిసత్వం పోయాక కొనుక్కున్న పొలాలను తరాలుగా సాగుచేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం విమానాశ్రయానికి పదివేల ఎకరాల దాకా కావాలని నోటీసులిచ్చి ఖాళీ చేయించింది. 1962 నవంబరులో అధ్యక్షుడు కెనడీ వచ్చి ప్రారంభించాడు. ఈరో సారినెన్ గీసిన ఆ టెర్మినల్ వంపును ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోదగిందే. పులిచింతలకో శ్రీశైలానికో పొలాలిచ్చిన బంధువులున్నవారికి విల్లార్డ్ రైతు పరిస్థితి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

చివరిగా, ఫలకం ఎలా వస్తుందో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే విరామంలో ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు. దరఖాస్తు చేసేవారు విషయం ప్రాంతీయంగానో, రాష్ట్రం స్థాయిలోనో, దేశం స్థాయిలోనో ముఖ్యమైనదని చూపాలి. మా కాలనీకి ముఖ్యం అంటే చాలదు. బతికి ఉన్నవారి మీద ఫలకం ఉండదు. ప్రాధాన్యం వచ్చి యాభై ఏళ్లు దాటి ఉండాలి. పాఠం వంద మాటలు, మహా అయితే ఇంకో పాతికో ముప్పయ్యో. ప్రతి వాక్యానికీ ఆధారం జతచేయాలి: దస్తావేజు, నాటి వార్తాపత్రిక, జనాభా లెక్క. శాఖలోని చరిత్రకారులు పరిశీలించి తిరగరాస్తారు, మూడు నెలలకోసారి కూడే బోర్డు ఆమోదించాలి, తరువాత పోతపోయించే ఖర్చు కొన్ని వేల డాలర్లు మనమే కట్టాలి. నిలిపే చోటుకు రవాణా శాఖ ఒప్పుకోవాలి.

2021లో రాష్ట్ర ప్రభుత్వం విద్యార్థులను ఆసియా సంతతివారి చరిత్ర మీద ఫలకాలు సూచించమని అడిగింది. ఎంపికైన ఐదింటిలో అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఫిలిపినోలు, ఉత్తర వర్జీనియాకు వచ్చిన వియత్నాం శరణార్థులు, వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదివిన చైనా రాజనీతిజ్ఞుడు డబ్ల్యూ. డబ్ల్యూ. యెన్, రోనోక్ కళాశాలలో చదివిన కొరియా స్వాతంత్ర్య యోధుడు కిమ్ క్యుసిక్, విలియం అండ్ మేరీ కళాశాల ఫుట్‌బాల్ ఆటగాడు ఆర్థర్ మాట్సు ఉన్నారు. భారతీయులకు సంబంధించింది లేదు. అది అన్యాయమని నేను అనను. 1990లో లౌడన్ జనాభా 86,129, 2020లో 4,20,959. ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ 1996లో డల్లెస్‌కు వచ్చింది, ఎక్వినిక్స్ అనే సంస్థ 1999లో ఆష్‌బర్న్‌లో డేటా కేంద్రం తెరిచింది, మనవాళ్లు గుంపుగా వచ్చింది ఆ తరువాతనే. యాభై ఏళ్ల నిబంధన ప్రకారం 2040లు దాటితే గానీ మన దరఖాస్తుకు అర్హతే రాదు. కానీ అప్పుడు బోర్డు అడిగే ఆధారాలు ఇప్పుడు మీ గరాజ్‌లలోని అట్టపెట్టెల్లో ఉన్నాయి: మొదటి అపార్ట్‌మెంటు అద్దె కాగితం, బడి కెఫెటీరియాలో జరిగిన తొలి ఉగాది ఆహ్వానపత్రం, ఉద్యోగం పోయిన 2001లో వచ్చిన ఉత్తరం, నలుగురు కుర్రాళ్లు ఒక గదిలో ఉన్నప్పటి ఫోటో. లీస్‌బర్గ్‌లోని థామస్ బాల్చ్ గ్రంథాలయం స్థానిక చరిత్రకూ వంశావళికీ ప్రత్యేకించినది. నల్లజాతీయుల చరిత్రను పోగుచేసే సంఘం దాని ఆసరాతోనే పనిచేస్తోంది. పెట్టె ఖాళీ చేసే ముందు ఆ గ్రంథాలయంవారితో ఒకసారి మాట్లాడండి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషులో ఒక పేజీ వివరణ, తేదీ, ఎవరిదో రాసిపెట్టండి; పేరూ తేదీ లేని ఫోటో ఎంత బాగున్నా దరఖాస్తుకు పనికిరాదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.